పిల్లల కంప్యూటర్: తర్వాత మార్చుకోగలిగేవి, మార్చుకోలేనివి

వేసవి సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే నగరమంతా సీటీసీ అని పిలిచే ఆ భవనానికి, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా కనిపిస్తారు. ఏడో తరగతి చదివే అమ్మాయికి ఏ కంప్యూటర్ కొంటే మంచిదని అడిగితే చాలా కౌంటర్ల దగ్గర వినిపించే జవాబు ఒకటే: "ఐ5 తీస్కోండి సార్, ఇంజినీరింగ్ దాకా ఢోకా లేదు." ఈ మాటలో మోసం లేకపోవచ్చు గానీ సమాచారం కూడా లేదు. ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్లకు (కంప్యూటర్ లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్‌లకు) పెట్టిన పేరు, అది 2009 నుంచి ఉంది; ఆనాటి ఐ5కూ నిన్నమొన్నటి ఐ5కూ పేరులో తప్ప మరెక్కడా పోలిక లేదు.

ప్రాసెసర్ పేరు కన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ యంత్రంలో తర్వాత మార్చుకోగలిగేవి ఏవి, కొన్న రోజునే ఖాయమైపోయేవి ఏవి? పెద్దలు తమ ఉద్యోగానికి కంప్యూటర్ కొనుక్కునేటప్పుడు దానితో ఏం చేస్తారో వారికి ముందే తెలిసి ఉంటుంది. పిల్లల అవసరం అలా కాదు, తరగతి మారినప్పుడల్లా మారుతుంది. ఈ ఏడాది బొమ్మలు గీసే పిల్లవాడు వచ్చే ఏడాది ప్రోగ్రాములు రాస్తానంటాడు, ఆ పై ఏడాది వీడియోలు ఎడిట్ చేస్తానంటాడు. కాబట్టి ఇవాళ ఎంత వేగంగా పరుగెత్తుతుందన్నది కాక, మూడేళ్ల తర్వాత దానికి ఏ మేరకు మరమ్మతు, మార్పు చేయించుకోవచ్చన్నదే ఆ కంప్యూటర్ అసలు విలువను నిర్ణయిస్తుంది.

అవసరాల సంగతి ముందు తేల్చుకుందాం. ప్రాథమిక తరగతుల పిల్లలకు సొంత కంప్యూటర్ అక్కరలేదన్నది నా అభిప్రాయం. తెర ముందు గడిపే సమయం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మార్గదర్శకాలు చెబుతున్నాయి; ఆ కాస్త సమయానికి అమ్మదో నాన్నదో కంప్యూటర్ చాలు. ఆరో తరగతి దాటాక టైపింగ్, ప్రాజెక్టు పనులు, దిమ్మెలు జోడించినట్టు ప్రోగ్రాములు కట్టే స్క్రాచ్ వంటివి మొదలవుతాయి. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ఇప్పుడు బ్రౌజర్‌లోనే నడుస్తుంది. సీబీఎస్ఈ బడుల్లో తొమ్మిది, పది తరగతుల్లో కృత్రిమ మేధ ఐచ్ఛిక పాఠ్యాంశంగా ఉంది; పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవారు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నేర్చుకుంటారు. ఇంటర్ ఎంపీసీ పిల్లల దారి వేరు. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపరు కంప్యూటర్ మీదనే జరుగుతోంది, తెలంగాణ ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) 2018 నుంచి ఆ పద్ధతిలోకి మారింది కనుక, తెర మీద సుదీర్ఘమైన ప్రశ్న చదివి పక్కన కాగితం మీద లెక్క చేయడం వారికి అలవాటు కావాలి.

ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ ఖరీదైన ప్రాసెసర్ అవసరం లేదు. చవక లాప్‌టాప్‌ను నిజంగా కుంగదీసేది బ్రౌజర్. పదిహేను ట్యాబ్‌లు, వాటి వెనక ఒక వీడియో పాఠం, పక్కన ఆన్‌లైన్ క్లాసు, ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉన్నప్పుడు 4 జీబీ ర్యామ్ (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ) ఉన్న యంత్రం ఒక్కో క్లిక్‌కు అరనిమిషం ఆలోచిస్తుంది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ చాలని మైక్రోసాఫ్టే చెబుతుంది. అది యంత్రం తెరుచుకోవడానికి చాలిన కొలత, పని చేసుకోవడానికి చాలినది కాదు. 8 జీబీకి తగ్గకూడదు, 16 ఉంటే ఐదారేళ్లు ఆ ఊసే ఎత్తనక్కరలేదు.

ర్యామ్ దగ్గరే మార్చుకోగలిగేది, మార్చుకోలేనిది అన్న తేడా మొదటిసారి ఎదురవుతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ర్యామ్ ఒక చిన్న పట్టీలా స్లాట్‌లో అమరి ఉంటుంది. కింది మూత విప్పి దాన్ని తీసి పెద్దది పెట్టుకోవచ్చు. సన్నగా, తేలికగా ఉండే చాలా మోడళ్లలో ర్యామ్ చిప్‌లను మదర్‌బోర్డు (భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు) మీదే టంకం పెట్టి అతికిస్తారు. 8 జీబీతో కొంటే జీవితాంతం అంతే. దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన లాప్‌టాప్ మీదనే దీన్ని పరీక్షించవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది; అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ నొక్కితే కుడివైపు కింద చిన్న అక్షరాల్లో 'స్లాట్స్ యూజ్డ్', 'ఫామ్ ఫ్యాక్టర్' అనే రెండు వరుసలు ఉంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ ఎదురుగా 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అది అతికించిన ర్యామ్. 'ఎస్ఓడిమ్' అని ఉండి, రెండు స్లాట్లలో ఒకటే వాడుతున్నట్లు చూపిస్తే రెండోది ఖాళీగా ఉన్నట్టు. మోడల్ పేరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో కూడా ఒకసారి సరిచూసుకోవడం మంచిది, ఎందుకంటే సగం అతికించి సగం స్లాట్‌లో పెట్టే మోడళ్లూ ఉన్నాయి.

"ఇప్పుడు 8తో కొనండి, కావాలంటే తర్వాత వేసుకోవచ్చు" అన్న సలహా నిన్నటిదాకా చాలా మంచి సలహా. 2025 చివరి నెలల నుంచి మాత్రం మెమరీ చిప్‌లు పెద్ద ఎత్తున కృత్రిమ మేధ డేటా సెంటర్లకు మళ్లడంతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అయినా స్లాట్ ఉన్న యంత్రాన్నే ఎంచుకోవాలని అంటాను. ధర తగ్గేదాకా ఆగి కొనుక్కునే వీలు ఉంటుంది. అతికించిన దానిలో ఆ వీలూ లేదు.

స్టోరేజీ విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పెట్టె మీద సంఖ్య ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 1 టీబీ అని రాసి ఉన్నది పాతకాలపు హార్డ్‌డిస్క్ అయితే, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్ దానికన్నా ఎన్నో రెట్లు చురుకుగా ఉంటుంది. హార్డ్‌డిస్క్‌లో లోపల పళ్లెం తిరగాలి, దాని మీద సూది వంటి భాగం కదలాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. పిల్లల చేతిలోని యంత్రం మంచం మీది నుంచి కిందికి జారడం ఎంత సహజమో తెలిసినవారికి ఈ తేడా ఇంకో కారణంగానూ ముఖ్యమే. ఇక మూడో రకం ఈఎమ్‌ఎమ్‌సీ. అతి చవక లాప్‌టాప్‌లలో 64 లేదా 128 జీబీ పరిమాణంలో కనిపించే ఇది ఫోన్లలో వాడే తరహా చిప్, మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. విండోస్ తానే 20 జీబీకి పైగా తినేస్తుంది, ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌కు మరికొంత ఖాళీ కావాలి. 64 జీబీ యంత్రంలో ఏడాది తిరిగేసరికి అప్‌డేట్ పట్టడానికి చోటు చాలక ఆగిపోవడం మామూలు. మిగతా అన్ని విషయాల్లో రాజీ పడవచ్చు గానీ ఈఎమ్‌ఎమ్‌సీ ఉన్న విండోస్ లాప్‌టాప్‌ను పిల్లలకు కొనవద్దనే చెబుతాను. పెట్టె మీద 'ఎస్ మోడ్' అని కూడా ఉంటే, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని ప్రోగ్రాములు తప్ప బయటివి అందులో ఎక్కవని అర్థం. దాన్ని ఉచితంగానే తొలగించుకోవచ్చు, కాకపోతే ఒకసారి తొలగిస్తే ఆ యంత్రంలో మళ్లీ ఎస్ మోడ్‌కు వెళ్లలేము.

ప్రాసెసర్ దగ్గరకు ఇప్పుడు రావచ్చు. ఇంటెల్ 2023లో 'ఐ' అక్షరాన్ని వదిలేసి కోర్, కోర్ అల్ట్రా అన్న కొత్త పేర్లు ప్రకటించింది కాబట్టి దుకాణాల్లో రెండు తరహాల పేర్లూ కలిసి తిరుగుతున్నాయి. ఏఎండీ వారి రైజెన్ 7000 వరుసలో మరో చిక్కు ఉంది. అందులో మొదటి అంకె తరాన్ని చెబుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి చిప్ లోపలి నిర్మాణం ఏ కాలానిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యు అన్నదానిలో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది 2019లో మొదలైన జెన్ 2 నిర్మాణం. 7530యులో ఉన్నది దాని తర్వాతి తరమైన జెన్ 3. పేరులో పది తేడా, లోపల ఒక తరం తేడా. 7520యు చెడ్డదని కాదు, బడి పనులకు అది చాలు. కాకపోతే దానితో వచ్చే ర్యామ్ ఎప్పుడూ అతికించినదే ఉంటుంది, ధర కూడా కొత్త తరం ధర అడగకూడదు. ఈ మధ్య వస్తున్న 'ఏఐ పీసీ', 'కోపైలట్ ప్లస్' అంటింపుల గురించి ఒక్క మాట చాలు: పిల్లలు వాడే కృత్రిమ మేధ సేవలు దాదాపు అన్నీ ఇంటర్నెట్ అవతల ఎక్కడో ఉన్న సర్వర్లలో నడుస్తాయి, వాటికి ఇంట్లోని చిప్‌తో పని లేదు. ఆ అంటింపు కోసం అదనంగా చెల్లించే సొమ్మును ర్యామ్‌కు మళ్లించడం మేలు.

తెర విషయంలో మన భాషకు సంబంధించిన ఒక కారణం చేత నేను పట్టుదలగా ఉంటాను. పాత, చవక లాప్‌టాప్‌లలో కనిపించే 1366×768 తెరల మీద ఇంగ్లిషు అక్షరం బాగానే కనిపిస్తుంది. తెలుగులో మాత్రం ఒత్తులు, గుడిదీర్ఘాలు మసకబారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 2018 చట్టం తర్వాత తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు బోధించవలసిందే కనుక తెలుగు ప్రాజెక్టు పని ప్రతి ఇంటికీ వస్తుంది. 1920×1080 ఉన్న ఫుల్ హెచ్‌డీ తెరకు తగ్గవద్దు. టైపింగ్‌కు విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉచితంగా అంతర్గతంగానే వస్తోంది. ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. ఓపిక ఉన్న పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ (మీటలకు నేరుగా తెలుగు అక్షరాలే ఉండే కీబోర్డు అమరిక) నేర్పించడం ఇంకా మంచిది, ఎందుకంటే దానిలో తెలుగును తెలుగుగానే ఆలోచించి కొడతారు.

యంత్రభాగాలన్నీ బాగున్నా ఒక కంప్యూటర్‌ను ముసలిదాన్ని చేసేది ఇంకొకటి ఉంది, దాన్ని ఏ దుకాణదారూ కాగితం మీద రాసివ్వడు: దానికి భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయన్న తేదీ. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. ఈ ఒక్క నియమం వల్ల నగరంలో వేల కొద్దీ పాత లాప్‌టాప్‌లు ఒక్కసారిగా చవకయ్యాయి, వాటిలో చాలా భాగం "పిల్లలకు చాలు సార్" అన్న మాటతో అమ్ముడవుతున్నాయి. ఐ5 పక్కన ఉన్న సంఖ్య 6 లేదా 7తో మొదలైతే విండోస్ ఆశ వదులుకుని, దానికి బదులు లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే ఉద్దేశంతోనే కొనాలి. అది తక్కువ మార్గమేమీ కాదు. లిబ్రేఆఫీస్, పైథాన్, చిన్నపిల్లలకు టక్స్ పెయింట్, జీకాంప్రీ అన్నీ అందులో ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్ల కిందటే లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. విండోస్‌కు బదులు గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే లాప్‌టాప్‌లైన క్రోమ్‌బుక్‌లకు గూగుల్ పదేళ్లు అప్‌డేట్లు ఇస్తానంటోంది, అయితే ఆ పదేళ్లు లెక్కించేది మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్‌కు ఆధారమైన హార్డ్‌వేర్ వేదిక మార్కెట్‌లోకి వచ్చిన నాటి నుంచి. డిస్కౌంట్‌లో వచ్చిన క్రోమ్‌బుక్‌కు అందులో ఎన్నేళ్లు ఇప్పటికే గడిచిపోయాయో సెట్టింగ్స్‌లో చూసుకోవాలి.

ఇంతవరకు చెప్పిన కొలబద్దలతో చూస్తే, చాలా కుటుంబాలకు నేను సూచించేది కొత్త చవక లాప్‌టాప్ కాదు, కంపెనీలు వాడి వదిలిన మంచి లాప్‌టాప్. హైదరాబాద్‌కు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాలు లీజుకు తీసుకున్న థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ తరహా యంత్రాలు గడువు తీరగానే సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. ఇవి ఉద్యోగుల సంచుల్లో రోజూ తిరగడానికి చేసినవి కనుక మూత కీళ్లు గట్టిగా ఉంటాయి, విడిభాగాలు దొరుకుతాయి, మూత విప్పడానికి మామూలు స్క్రూడ్రైవర్ చాలు. 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480నే తీసుకోండి: ర్యామ్‌కు రెండు స్లాట్లు, వెనక ఊడదీయగలిగే బ్యాటరీ ఉంటాయి. దాని సన్నటి రూపమైన టీ480ఎస్‌లో మాత్రం కొంత ర్యామ్ అతికించి ఉంటుంది. అదే వరుసలో ఏడో తరం ప్రాసెసర్‌తో వచ్చినవీ ఉన్నాయి కాబట్టి మోడల్ పేరుతో సరిపెట్టుకోకూడదు.

అయితే పాతది కొనేటప్పుడు దుకాణంలో కనీసం అరగంట కూర్చోవాలి. మొదట బ్యాటరీ నివేదిక అడగండి. విండోస్‌లో ఒక్క ఆదేశంతో అది వస్తుంది, అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా ఛార్జి చేస్తే నిలిచే సామర్థ్యం పక్కపక్కన ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చును బేరంలో కలపాలి. తర్వాత స్టార్ట్ చేస్తూనే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మూల సెట్టింగుల తెరలోకి) వెళ్లి అది పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరిది. విండోస్‌ను రీసెట్ చేయించి, మొదటి సెటప్ తెరల్లో మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. ఏదో ఒక కంపెనీ పేరు, ఆ కంపెనీ ఉద్యోగి ఈమెయిల్ అడిగే లాగిన్ తెర ప్రత్యక్షమైతే, ఆ యంత్రాన్ని పాత యజమాని ఇంకా తమ జాబితా నుంచి తొలగించలేదన్నమాట. దుకాణంలో ఇంటర్నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఇది బయటపడదు. ఇంటికెళ్లి ఎప్పుడో రీసెట్ చేసిన నాడు బయటపడుతుంది. "తర్వాత చూద్దాం సార్, గ్యారంటీ నాది" అన్నా సరే, అక్కడే చేయించాలి.

పిల్లలు బడికి మోసుకెళ్లవలసిన పని లేకపోతే డెస్క్‌టాప్‌ను తోసిపుచ్చకూడదు. మునుపటిలా బల్ల కింద పెద్ద డబ్బా అక్కరలేదు. కార్యాలయాల్లో వాడిన చిన్న డెస్క్‌టాప్‌లు పుస్తకమంత జాగాలో పడతాయి, వాటికి 22 లేదా 24 అంగుళాల మానిటర్ కలిపితే సరిపోతుంది. లాప్‌టాప్ కీబోర్డు మీద పాల గ్లాసు ఒలికితే మదర్‌బోర్డు దాకా పోతుంది, డెస్క్‌టాప్ మీద ఒలికితే కొన్ని వందల రూపాయల కీబోర్డు మాత్రమే పోతుంది. మెడకు, కంటికి కూడా ఇదే మంచిది: మానిటర్ పైఅంచు కంటి ఎత్తుకు వచ్చేలా పెట్టవచ్చు, లాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతుక్కుని ఉన్నందున ఏదో ఒకటి తప్పు ఎత్తులోనే ఉంటుంది. నీలికాంతి కళ్లద్దాల మీద డబ్బు తగలేయవద్దు. అమెరికన్ కంటి వైద్యుల అకాడమీ వాటిని సిఫారసు చేయడం లేదు. పిల్లల్లో హ్రస్వదృష్టి రావడాన్ని తగ్గించేదిగా ఆధారాలు ఉన్నది పగటి వెలుతురులో ఆరుబయట గడిపే సమయానికి, అది ఏ కంప్యూటర్‌తోనూ రాదు. డెస్క్‌టాప్‌తో వచ్చే అదనపు ఖర్చు కరెంటు కోత. చిన్న యూపీఎస్ అయినా ఉండాలి, లేదా ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఉండే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కంప్యూటర్ ఆగిపోతుంది. ట్యాబ్లెట్ చదవడానికి, గీయడానికి బాగుంటుంది. రాయడం నేర్పదు.

డెస్క్‌టాప్‌ను హాల్లో, తెర అందరికీ కనిపించేలా పెట్టడం ఏ సాఫ్ట్‌వేర్ కాపలా కన్నా బాగా పనిచేస్తుంది. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చేయవలసిన ముఖ్యమైన పని ఒకటే: అడ్మినిస్ట్రేటర్ ఖాతా పెద్దల దగ్గర ఉంచుకుని, పిల్లలకు స్టాండర్డ్ ఖాతా ఇవ్వడం. ఉచితమని చెప్పి ఆటలతో పాటు వచ్చే చెత్తలో చాలా భాగం పెద్దల పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ద్వారా సమయ పరిమితులు పెట్టవచ్చు. వైఫై రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను బట్టి వాటి ఇంటర్నెట్ చిరునామాలు వెతికిచ్చే సేవ) చిరునామాగా క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3 ఇస్తే హానికరమైన, అశ్లీలమైన సైట్లు ఇంటి మొత్తానికి వడకట్టబడతాయి, దానికి రుసుము లేదు. పదో తరగతి పిల్లవాడు నాన్న ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి దీన్ని దాటేయగలడని గుర్తుంచుకుని, ఆ వయసుకు వచ్చేసరికి మాట్లాడుకోవడం మీద ఎక్కువ ఆధారపడాలి.

చివరగా బిల్లు సంగతి. జీఎస్టీ లేకుండా తక్కువకు ఇస్తామనే బేరం ప్రతి మార్కెట్‌లోనూ వినిపిస్తుంది. లాప్‌టాప్‌ల మీద పన్ను 18 శాతం కాబట్టి ఆశ పుట్టడం సహజం, కానీ ఆ కాగితం లేకపోతే వారంటీ క్లెయిమ్ దగ్గర, పాతదైతే అది దొంగ సొత్తు కాదని నిరూపించుకోవలసిన చోట, చేతిలో ఏమీ ఉండదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, దుకాణం దాటకముందే ఆ నంబరును తయారీదారు వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. కొత్తదని అమ్మిన యంత్రానికి వారంటీ నాలుగు నెలల కిందటే మొదలై ఉంటే, బిల్లు తేదీ నుంచి లెక్కించేలా కంపెనీ చేత సరిచేయించి ఇవ్వమనండి, లేదంటే వేరే పెట్టె తెరిపించండి. ఆ వారంటీ ఇంటికి వచ్చి బాగుచేసేదా, సర్వీస్ సెంటర్‌కు మనమే మోసుకెళ్లేదా అన్నది కూడా అప్పుడే అడగండి. కూకట్‌పల్లిలో ఉంటూ నగరం అవతలి చివర ఉన్న సర్వీస్ సెంటర్‌కు రెండుసార్లు తిరిగితే, ఇంటికి వచ్చి చేసే వారంటీకి అదనంగా అడిగిన సొమ్ము పెట్రోలుకే సరిపోతుంది.